వెన్నునొప్పి మీద పెట్టిన పిప్ దరఖాస్తును తిరస్కరిస్తే అప్పీలు చేయడం ఎలా

బ్రిటన్‌లో ఏళ్ల తరబడి నడుం నొప్పితో బాధపడేవారు పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్‌కు, అంటే దీర్ఘకాలిక అనారోగ్యమో వైకల్యమో ఉన్నవారికి ఇచ్చే, అందరూ పిప్ అని పిలిచే భత్యానికి, దరఖాస్తు పెట్టుకుంటే చాలామందికి మొదట వచ్చే జవాబు తిరస్కరణే. ఉత్తరంలో రెండు మూడు పేరాల వివరణ, పక్కన పాయింట్ల చోట వరుసగా సున్నాలు. ఆ సున్నాలు చూడగానే "నేను అబద్ధం చెప్పానంటున్నారు" అని మనసు కష్టపెట్టుకుని ఉత్తరాన్ని సొరుగులో పడేసేవారు మన తెలుగువాళ్లలో తక్కువేమీ కాదు. సర్కారుతో పేచీ ఎందుకులే అన్న బెరుకు ఒకవైపు, ఊరికే డబ్బు అడుగుతున్నామన్న మొహమాటం ఇంకోవైపు. రెండూ పక్కన పెట్టండి. పిప్ 2012 నాటి సంక్షేమ సంస్కరణల చట్టం ఇచ్చిన హక్కు. ట్రిబ్యునల్ విచారణ దాకా వెళ్లిన పిప్ అప్పీళ్లలో సగానికి పైగా దరఖాస్తుదారులకు అనుకూలంగానే తేలుతున్నాయి. అప్పీలుకు రుసుము లేదు, లాయరు తప్పనిసరి కాదు.

వచ్చే డబ్బు కూడా చిన్నదేం కాదు. 2025-26 రేట్ల ప్రకారం రోజువారీ జీవనం భాగానికి వారానికి 73.90 పౌండ్లు లేదా 110.40 పౌండ్లు, కదలిక భాగానికి 29.20 లేదా 77.05 పౌండ్లు. దీనికి పన్ను లేదు. మీరు ఉద్యోగం చేస్తున్నా, బ్యాంకులో పొదుపు ఉన్నా అడ్డు కాదు.

ముందుగా, ఈ దారి మీకు వర్తిస్తుందా?

ఇక్కడ చెబుతున్నది ఇంగ్లండ్, వేల్స్‌లో ఉన్నవారి సంగతి. స్కాట్లండ్‌లో పిప్ స్థానంలో అడల్ట్ డిజబిలిటీ పేమెంట్ వచ్చింది. అక్కడ నిర్ణయాన్ని మళ్లీ చూడమని కోరడానికి 42 రోజులు, ఆపై అప్పీలుకు 31 రోజులు గడువు. పనుల జాబితా, పాయింట్లు దాదాపు ఇవే కాబట్టి కారణాలు ఎలా రాయాలన్నది అక్కడివారికీ పనికొస్తుంది. ఉత్తర ఐర్లండ్‌లో పిప్ ఉన్నా అప్పీలు కార్యాలయాలు వేరు. ప్రభుత్వ పింఛను వయసు దాటాక కొత్తగా అడిగేవారికి పిప్ ఉండదు, వారు చూడాల్సింది అటెండెన్స్ అలవెన్స్.

వీసా విషయంలో మాత్రం జాగ్రత్త. స్కిల్డ్ వర్కర్, స్టూడెంట్, డిపెండెంట్ వీసాల మీద ఉన్నవారికి సాధారణంగా "నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్", అంటే ప్రభుత్వ భత్యాలు తీసుకోకూడదన్న షరతు ఉంటుంది. అది ఉండగా పిప్ అడిగితే వీసాకే ఎసరు రావచ్చు. మీ తిరస్కరణ ఈ కారణంగా వచ్చిందంటే కింద చెప్పే పాయింట్ల వాదనతో ప్రయోజనం లేదు. ముందు ఇమిగ్రేషన్ సలహాదారును కలవండి. శాశ్వత నివాస అనుమతి వచ్చినవారికి, పౌరసత్వం ఉన్నవారికి సాధారణంగా ఈ అడ్డంకి ఉండదు. అయితే గత మూడేళ్లలో కనీసం రెండేళ్లు గ్రేట్ బ్రిటన్‌లో ఉండి ఉండాలి. వైద్యం కోసం హైదరాబాదుకో విజయవాడకో వెళ్లి నెలల తరబడి ఉండిపోయినవారికి ఈ లెక్క దగ్గరే చిక్కు వస్తుంది. మామూలు ప్రయాణమైతే 13 వారాల వరకు, వైద్యం కోసమే వెళితే 26 వారాల వరకు దేశం బయట ఉన్నా హక్కు పోదు. టికెట్లు, ఆసుపత్రి కాగితాలు దాచుకోండి.

మొదటి పని: ఉత్తరం మీద తేదీ చూడండి

నిర్ణయం ఉత్తరం మీద ఉన్న తేదీ నుంచి ఒక నెల లోపు "మండేటరీ రీకన్సిడరేషన్" కోరాలి. అంటే డిపార్ట్‌మెంట్ ఫర్ వర్క్ అండ్ పెన్షన్స్, అందరి నోటా డీడబ్ల్యూపీ, తన నిర్ణయాన్ని తానే మరోసారి చూసుకోవడం. ఈ మెట్టు ఎక్కకుండా నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లలేరు. నెల లెక్క ఉత్తరం మీ చేతికి అందిన రోజు నుంచి కాదని గుర్తుంచుకోండి. ఉత్తరం ఆలస్యంగా వచ్చి ఉంటే కవరు కూడా దాచండి.

గడువు దాటిపోయినా వెంటనే ఆశ వదులుకోనక్కర్లేదు. ఆసుపత్రిలో ఉండటం, ఇంట్లో మరణం, ఉత్తరం అందకపోవడం వంటి సరైన కారణం చూపితే నిర్ణయం తేదీ నుంచి 13 నెలల వరకు ఆలస్యంగా తీసుకునే వీలుంది.

గడువు ముంచుకొస్తుంటే ఉత్తరంలో ఉన్న నంబరుకు ఫోను చేసి "రీకన్సిడరేషన్ కోరుతున్నాను, ఆధారాలు తర్వాత పంపుతాను, కొంత సమయం ఇవ్వండి" అని చెప్పేయండి. ఫోనులో కోరినా చెల్లుతుంది. అయినా ఆ వెనకే ఒక ఉత్తరం కూడా పంపండి. ఎవరితో, ఏ రోజు, ఎన్ని గంటలకు మాట్లాడారో కాగితం మీద రాసుకోండి.

రెండో పని: అసెసర్ రాసిన నివేదిక తెప్పించుకోండి

అదే ఫోనులో ఇంకొకటి అడగండి: మీ అసెస్‌మెంట్ నివేదిక నకలు. దానికి డబ్బు కట్టనక్కర్లేదు. మిమ్మల్ని ఎదురుగానో ఫోనులోనో ప్రశ్నలడిగిన నర్సో ఫిజియోథెరపిస్టో పారామెడిక్కో రాసినది అది. తిరస్కరణ ఉత్తరం చాలావరకు దాని సారాంశమే కాబట్టి, మీరు జవాబు చెప్పాల్సింది అసలు ఆ నివేదికకు.

పెన్సిల్ పట్టుకుని చదవండి. కోపం వస్తుంది. "ఇంటర్వ్యూలో 50 నిమిషాలు కుర్చీలో కూర్చున్నారు" అని ఉంటుంది. మధ్యలో మూడుసార్లు లేచి గోడ పట్టుకున్న సంగతి ఉండదు. "కారు నడుపుతారు" అని ఉంటుంది. పది నిమిషాల దూరంలోని బడికి మాత్రమేనని ఉండదు. "ఎలా ఉన్నారని అడిగితే బాగున్నానన్నారు" అని కూడా రాస్తారు. మనకు అది పలకరింపుకు మర్యాదగా ఇచ్చే జవాబు, వాళ్లకు వైద్య సమాచారం. ఇలాంటి ప్రతి వాక్యం కింద గీత గీసి, అంచున నిజంగా జరిగినదేమిటో రెండు ముక్కల్లో రాయండి. అసెసర్ చెడ్డవాడని, అబద్ధాలకోరని రాయకండి. ఏ వాక్యం తప్పు, వాస్తవం ఏమిటి, దానికి ఆధారం ఏమిటి, అంతవరకే.

మూడో పని: పాయింట్ల లెక్క అర్థం చేసుకోండి

వెన్నునొప్పి కేసుల్లో గెలుపోటములు తేలేది ఇక్కడే. "భరించలేని నొప్పి", "నరకం", "పదేళ్లుగా బాధ" అని ఎన్ని పేజీలు నింపినా ఒక్క పాయింటూ రాదు, ఎందుకంటే నొప్పికి పాయింట్లు లేవు. డిస్క్ జారిందనో, సయాటికా ఉందనో, స్పైనల్ స్టెనోసిస్ ఉందనో రోగం పేరు చెప్పినా పాయింట్లు లేవు. పాయింట్లు పనులకు. మొత్తం 12 పనులు: రోజువారీ జీవనంలో పది, కదలికలో రెండు. ప్రతి పని కింద ఎంత ఇబ్బందికి ఎన్ని పాయింట్లో చెప్పే కొన్ని వాక్యాలు ఉంటాయి, మీకు వర్తించే వాటిలో ఎక్కువ పాయింట్లున్న ఒక్కటే లెక్కకు వస్తుంది. ఒక భాగంలో మొత్తం 8 వస్తే మామూలు రేటు, 12 వస్తే పెద్ద రేటు.

ఆ వాక్యాలను చదివేటప్పుడు చట్టం పెట్టిన నాలుగు కొలతలు పక్కన పెట్టుకోండి. ఆ పనిని మీరు సురక్షితంగా చేయగలరా? సరిపడినంత బాగా చేయగలరా? అవసరమైనన్నిసార్లు మళ్లీ మళ్లీ చేయగలరా? ఆరోగ్యవంతులకు మామూలుగా పట్టే గరిష్ఠ సమయానికి రెండింతలు మించకుండా చేయగలరా? ఈ నాలుగింటిలో ఒక్కటి "లేదు" అయినా, చట్టం దృష్టిలో మీరు ఆ పని చేయలేనట్టే. పొద్దున ఒకసారి ప్యాంటు వేసుకోగలిగి, ఆ తర్వాత గంటసేపు మంచం మీద పడుకోవాల్సి వస్తే "చేయగలరు" అని రాయడం తప్పు. అప్పీలు ఉత్తరంలో నిలదీయాల్సింది సరిగ్గా దీన్నే.

నొప్పి రోజుకో తీరుగా ఉంటే? ఏడాదిలో సగానికి మించిన రోజుల్లో వర్తించే వాక్యమే మీది. రోజంతా అలా ఉండనక్కర్లేదు. పొద్దున లేవగానే నడుం బిగుసుకుపోయి స్నానం, బట్టలు కష్టమై, మధ్యాహ్నానికి కాస్త సర్దుకునే రోజు కూడా లెక్కలోకి వచ్చే రోజే.

2025లో ప్రభుత్వం ఒక్క పనిలోనైనా కనీసం 4 పాయింట్లు రావాలన్న నిబంధన తేబోయిందని విని చాలామంది వెనక్కి తగ్గారు. జులైలో ఆ నిబంధనను బిల్లు నుంచి తొలగించి, పిప్ మొత్తాన్ని సమీక్షించే పని మంత్రి స్టీఫెన్ టిమ్స్‌కు అప్పగించారు. వెన్నునొప్పి ఉన్నవారికి ఇది పెద్ద విషయమే, ఎందుకంటే వీరికి సాధారణంగా పాయింట్లు రెండేసి చొప్పునే పోగవుతాయి: వంటకు 2, స్నానానికి 2, బట్టలకు 2, మరుగుదొడ్డికి 2, మొత్తం 8.

నాలుగో పని: పని పనికీ విడిగా రాయండి

వంట. ఇక్కడ పరీక్ష ఒక్క మనిషికి సరిపడా, తాజా కూరగాయలతో, పొయ్యి మీద ఒక మామూలు కూర వండుకోగలరా అని. పొయ్యి నడుం ఎత్తులోనో అంతకు పైనో ఉన్నట్టు లెక్క. కాబట్టి "ఓవెన్‌లోకి వంగలేను" అని రాస్తే ఫలితం ఉండదు. "నలుగురికి అన్నం వండిన కుక్కర్ ఎత్తలేను" అన్నా అంతే. ఇలా రాయండి: "ఉల్లిపాయ, రెండు టమాటాలు తరిగేలోపు, అంటే ఐదారు నిమిషాలు నిలబడేసరికి, నడుం నుంచి ఎడమ మడమ దాకా పోటు వస్తుంది. గట్టు మీద మోచేతులు ఆనించి నిలబడతాను. అప్పుడు కత్తి పట్టుకోవడం ప్రమాదం. ఎత్తయిన స్టూలు మీద కూర్చుంటేనే కూర పూర్తవుతుంది. స్టూలు వాడినా, సగానికి మించిన రోజుల్లో గిన్నె దించడానికి మా అబ్బాయి రావాలి." స్టూలు లాంటి సాధనం అవసరమైతే 2 పాయింట్లు, మరో మనిషి సాయం అవసరమైతే 4.

ఇక్కడ మగవారికి ఒక మాట. "వంట మా ఆవిడ చూసుకుంటుంది" అని రాస్తే అది మీ ఇంటి అలవాటు కిందికి వస్తుంది, మీ వైకల్యం కిందికి రాదు. ఇంట్లో ఒంటరిగా ఉంటే మీ శరీరం ఆ పని చేయగలదా అన్నదే ప్రశ్న. వంట రాకపోవడానికీ పాయింట్లు లేవు.

స్నానం. మార్పులు చేయని మామూలు టబ్బులోకో షవర్‌లోకో దిగి, ఒళ్లు కడుక్కుని, బయటికి రాగలరా అన్నది పరీక్ష. టబ్బులో ప్లాస్టిక్ స్టూలు వేసుకుని బకెట్‌లో నీళ్లు పట్టుకుని మగ్గుతో పోసుకోవడం మన ఇళ్లలో మామూలే. నిలబడలేక స్టూలు వేసుకుంటున్నారంటే అది సాధనం వాడుతున్నట్టే. ఆ మాట రాయనివారే ఎక్కువ. సాధనానికి 2. పాదాలు, పిక్కలు కడుక్కోవడానికి ఒకరి చేయి కావాలంటే 2. టబ్బు అంచు దాటడానికి మనిషి పట్టుకోవాలంటే 3. ఒకసారి జారిపడ్డారా? ఎప్పుడు, ఎలా, ఆ తర్వాత ఏమైందో రాయండి.

బట్టలు. సాక్సులు, బూట్లు కూడా ఇందులో భాగమే. ఇంట్లో లుంగీతో, కాలు దూర్చితే సరిపోయే చెప్పులతో గడిపేస్తున్నవారు "నాకు ఇబ్బంది లేదు" అనుకుంటారు. సాక్సులు వేసుకోలేకనే చెప్పులకు మారారన్న కారణం రాయాలి. నడుం కింది భాగానికి బట్టలు తొడగడానికి సాయం కావాలంటే 2.

మరుగుదొడ్డి. సిగ్గుతో అందరూ ఖాళీగా వదిలేసే చోటు ఇది. మామూలు ఎత్తు కమోడ్ మీద కూర్చుని లేవడానికి గోడకు కడ్డీయో ఎత్తు పెంచే సీటో కావాలా? వెనక్కి తిరిగి శుభ్రం చేసుకోవడానికి నడుం మెలి తిరగదా? రెండూ ఈ పని కిందికే వస్తాయి. సాధనానికి 2, మనిషి సాయానికి 4.

ఇక్కడ అప్పీలుతో సంబంధం లేని హెచ్చరిక ఒకటి. నడుం నొప్పి ఉన్నవారికి హఠాత్తుగా మూత్రం, మలం మీద అదుపు తప్పినా, తొడల మధ్య, ఆసనం చుట్టూ స్పర్శ పోయినా, రెండు కాళ్లూ బలహీనపడినా అది అత్యవసరం. ఫారాలు పక్కన పెట్టి వెంటనే 999కు ఫోను చేయండి లేదా ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి.

నడక. ఇది మీటర్ల లెక్క: 200 మీటర్లు దాటి నడవగలిగితే సున్నా, 50 నుంచి 200 వరకైతే 4, చేతికర్ర వంటి సాధనం లేకుండా 20 నుంచి 50 వరకైతే 8, సాధనంతో 20 నుంచి 50 వరకైతే 10, 20 లోపే ఆగిపోతే 12. అసెసర్ "ఎంతసేపు నడుస్తారు" అని అడిగితే మనం "పది నిమిషాలు" అంటాం. ఆ పది నిమిషాలు మామూలు నడక వేగంతో గుణిస్తే అరకిలోమీటరు దాటిపోతుంది, సున్నా పడుతుంది. నిజానికి ఆ పది నిమిషాల్లో నాలుగుసార్లు ఆగి ఉంటారు. అందుకే ఇంటి గుమ్మం నుంచి కొలవండి. రెండు డబుల్ డెక్కర్ బస్సుల పొడవు దాదాపు 20 మీటర్లు. ఏ దీపస్తంభం దగ్గర మొదటిసారి ఆగారు, ఎంతసేపు ఆగారు, కాలు తిమ్మిరెక్కిందా, ఇంటికొచ్చాక ఎంతసేపు పడుకున్నారు, మళ్లీ అదే రోజు అంత దూరం నడవగలరా, ఇవన్నీ రాయండి. నొప్పి ఓర్చుకుని పళ్లబిగువున నడిచిన దూరం లెక్కలోకి రాకూడదు.

మిగిలిన పనుల్లో, అంటే మాట్లాడటం, చదవడం, డబ్బు లెక్కలు వంటివాటిలో వెన్నునొప్పికి సాధారణంగా ఏమీ రాదు. అక్కడ లాగిపీకి రాస్తే మిగిలిన నిజాల మీద కూడా అనుమానం వస్తుంది. నొప్పితో పాటు కుంగుబాటు కూడా ఉండి చికిత్స తీసుకుంటుంటే అది వేరే సంగతి, దాన్ని రాయాల్సిందే.

ఐదో పని: ఆధారాలు

వెన్నునొప్పి కేసుల్లో నివేదికలు తరచూ ఎత్తే అభ్యంతరాలు మూడు: స్పెషలిస్టు దగ్గరికి వెళ్లలేదు, ఎంఆర్ఐ లేదు, బలమైన నొప్పి మాత్రలు వాడటం లేదు. కాబట్టి ఇబ్బంది తక్కువే అని ముక్తాయింపు. దీనికి గట్టి జవాబు ఇంగ్లండ్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ 2016లో ఇచ్చి 2020లో సవరించిన ఎన్‌జీ59 మార్గదర్శకాల్లోనే ఉంది. దీర్ఘకాలిక నడుం నొప్పికి ఓపియాయిడ్‌లనే బలమైన నొప్పి మందులు ఇవ్వవద్దని, సయాటికాకు గాబాపెంటిన్ జాతి మందులు ఇవ్వవద్దని, స్పెషలిస్టులు కానిచోట మామూలుగా స్కాన్‌లు తీయించవద్దని అది డాక్టర్లకు చెబుతోంది. అంటే మీకు బలమైన మందు రాయకపోవడం మీ నొప్పి తక్కువన్నదానికి గుర్తు కాదు, డాక్టరు నిబంధన పాటించారని అర్థం. ఈ ఒక్క పేరాను మీ ఉత్తరంలో తప్పక పెట్టండి. మందు వాడి మానేసి ఉంటే ఎందుకు మానేశారో, మగతగా ఉండటమో, కడుపు మంటో, మలబద్ధకమో, అదీ రాయండి.

జీపీ, అంటే మీ కుటుంబ డాక్టరు, దగ్గరికి వెళ్లి "పిప్‌కు ఒక లెటర్ ఇవ్వండి" అంటే రెండు వాక్యాలు రాసి రుసుము కూడా అడగవచ్చు. దానికంటే మీ పూర్తి వైద్య రికార్డు అడగండి. సమాచార రక్షణ చట్టం కింద దాన్ని సాధారణంగా ఉచితంగానే ఇవ్వాలి. ఎన్‌హెచ్‌ఎస్ యాప్‌లో కూడా చాలా భాగం కనిపిస్తుంది. పంపేముందు మీరు చదవండి. "నడుం నొప్పి, నెమ్మదించింది" అన్న పాత వాక్యం ఏదైనా ఉంటే ముందే సంజాయిషీ సిద్ధం చేసుకోవచ్చు. ఫిజియోథెరపిస్టు నోట్సు, పెయిన్ క్లినిక్ ఉత్తరాలు, కౌన్సిల్ వాళ్లు బాత్రూములో కడ్డీలు బిగించిన కాగితం, ఆఫీసులో కుర్చీ మార్చిన ఆక్యుపేషనల్ హెల్త్ నివేదిక, ఇవన్నీ బలమైనవే. భారతదేశంలో తీయించుకున్న ఎంఆర్ఐ నివేదిక, డిశ్చార్జి సమ్మరీ కూడా జత చేయండి. అవి ఇంగ్లీషులోనే ఉంటాయి కాబట్టి ఇబ్బంది లేదు.

అయితే ఎంఆర్ఐ ఒక్కటే నమ్ముకోకండి. "ఎల్4, ఎల్5 డిస్క్ బల్జ్" అన్న మాట మీరు సాక్సు వేసుకోలేరని చెప్పదు. ఆ పని చెప్పేది రెండు వారాల డైరీ. రోజుకు నాలుగు వాక్యాలు చాలు: పొద్దున ఎలా లేచారు, స్నానం, బట్టలు ఎవరు సాయం చేశారు, ఎంత దూరం నడిచారు, ఏ మాత్ర వేసుకున్నారు. బాగున్న రోజును బాగుందనే రాయండి. అన్ని రోజులూ ఒకే తీరుగా ఉన్న డైరీని ఎవరూ నమ్మరు. మీతో ఉండే భార్యో భర్తో కొడుకో తాము రోజూ చేసే సాయాన్ని ఒక పేజీలో రాసి సంతకం పెడితే అదీ సాక్ష్యమే. "ఆయనకు చాలా కష్టంగా ఉంది" అన్నదానికంటే "రోజూ ఏడింటికి నేను సాక్సులు తొడిగి బూట్ల లేసులు కట్టి బయల్దేరతాను" అన్నది పదింతలు మేలు.

ఉత్తరం ముందు తెలుగులోనే రాసుకోండి. ఇంగ్లీషులో మొదలుపెడితే తెలిసిన పదాలకు సరిపడేంతే చెబుతాం. తర్వాత ఇంగ్లీషు బాగా వచ్చినవారితో పంక్తి పంక్తి కూర్చుని మార్పించండి.

ఆరో పని: పంపడం, ఆపై ఓపిక పట్టడం

సీఆర్ఎంఆర్1 అనే ఫారం మీదైనా, తెల్ల కాగితం మీదైనా పంపవచ్చు. ప్రతి పేజీ మీద పేరు, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు రాయండి. అన్నింటికీ నకళ్లు తీసి, పోస్టాఫీసు రసీదుతో కలిపి ఉంచండి. జవాబుకు వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. చాలామందికి ఇక్కడ మళ్లీ "మార్పు లేదు" అనే వస్తుంది. నీరుగారిపోకండి. ఆ జవాబు పేరు మండేటరీ రీకన్సిడరేషన్ నోటీసు, ట్రిబ్యునల్ తలుపు తెరిచే తాళంచెవి అదే.

ఏడో పని: ట్రిబ్యునల్‌కు అప్పీలు

నోటీసు మీద తేదీ నుంచి మళ్లీ ఒక నెల. ప్రభుత్వ వెబ్‌సైటులో ఆన్‌లైన్‌లో పెట్టవచ్చు, లేదంటే ఎస్ఎస్‌సీఎస్1 ఫారం పోస్టులో పంపవచ్చు. ఇది డీడబ్ల్యూపీ కాదు, కోర్టుల వ్యవస్థలో భాగమైన స్వతంత్ర ట్రిబ్యునల్. కారణాల చోట రీకన్సిడరేషన్ ఉత్తరాన్నే మెరుగుపరిచి పెట్టండి, ఏ పనికి ఏ పాయింటు రావాలో స్పష్టంగా చెప్పండి.

ఫారంలో రెండు నిర్ణయాలు జాగ్రత్తగా తీసుకోండి. ఒకటి, కాగితాలు చూసి తేల్చమనాలా, విచారణ కావాలా అన్నది. విచారణే కోరండి. మీరు కుర్చీలో ఎలా కూర్చుంటారో, ప్రశ్నకు జవాబు చెబుతూ ఎలా ఆగిపోతారో కాగితం చూపలేదు. ఎదురుగా, వీడియోలో, ఫోనులో, ఏది కుదురుతుందో చెప్పవచ్చు. రెండోది, దుబాసీ. తెలుగు దుబాసీ కావాలని గుర్తుపెడితే ట్రిబ్యునలే ఉచితంగా ఏర్పాటు చేస్తుంది. ఇంట్లోవాళ్లను దుబాసీగా సాధారణంగా ఒప్పుకోరు, తోడుగా మాత్రం రావచ్చు. ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడేవారు కూడా మరుగుదొడ్డి, స్నానం గురించి జడ్జి అడిగినప్పుడు తడబడతారు. మొహమాటపడకుండా దుబాసీని అడగండి.

అప్పీలు అందాక డీడబ్ల్యూపీకి జవాబు ఇవ్వడానికి 28 రోజులు. ఆ తర్వాత మీకు లావుపాటి కాగితాల కట్ట వస్తుంది. అందులో మీ ఫారం, నివేదిక, అన్నీ ఉంటాయి. పేజీ నంబర్లు గుర్తుపెట్టుకోండి. విచారణకు ముందు ఎప్పుడో డీడబ్ల్యూపీ నుంచి ఫోను వచ్చి "ఇంత ఇస్తాం" అనవచ్చు. అక్కడికక్కడే ఒప్పుకోవాలన్న నిర్బంధం లేదు. ఆలోచించుకుని చెబుతానని అనండి. వాళ్లు ఇస్తామన్నది మీకు నిజంగా రావాల్సిన దానికంటే తక్కువైతే సలహా తీసుకున్నాకే జవాబు చెప్పండి. సిటిజన్స్ అడ్వైస్, లా సెంటర్లు, కొన్ని కౌన్సిళ్లలోని వెల్ఫేర్ రైట్స్ అధికారులు ఉచితంగా చూస్తారు. గెలిచిన డబ్బులో వాటా అడిగే ఏజెంట్ల దగ్గరికి వెళ్లనక్కర్లేదు.

విచారణ రోజు

ఎదురుగా ముగ్గురు ఉంటారు: ఒక జడ్జి, ఒక డాక్టరు, వైకల్యం గురించి తెలిసిన ఒక సభ్యుడు. నల్ల కోట్లు, బోను ఉండవు, ఒక బల్ల చుట్టూ మాట్లాడుకోవడమే. డీడబ్ల్యూపీ తరఫున ఎవరూ రాకపోవడం కూడా మామూలే. డాక్టరు మీ పొద్దుటి నుంచి రాత్రి దాకా అడుగుతారు. ఇక్కడికి ఎలా వచ్చారు, బస్టాపు నుంచి ఎంత దూరం, ఇండియాకు చివరిసారి ఎప్పుడు వెళ్లారు, విమానంలో అన్ని గంటలు ఎలా కూర్చున్నారు అనీ అడగవచ్చు. వీల్‌చెయిర్ సాయం తీసుకున్నారా, సీట్ల మధ్య దారిలో లేచి నిలబడుతూ వచ్చారా, దిగాక రెండు రోజులు మంచం దిగలేదా, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

నొప్పి వస్తే లేచి నిలబడండి, అనుమతి అడగనక్కర్లేదు, కానీ "కూర్చోలేకపోతున్నాను, నిలబడతాను" అని పైకి అనండి. విరామం కావాలంటే అడగండి. "చేయగలరా" అంటే "చేయగలను, కానీ" అని మొదలుపెట్టే అలవాటు మనది. వాళ్లు "చేయగలను" దగ్గరే రాసుకుంటారు. ముందు కష్టం చెప్పి, తర్వాత ఎలా నెట్టుకొస్తున్నారో చెప్పండి.

ఒక నియమం గుర్తుంచుకోండి. ట్రిబ్యునల్ చూసేది డీడబ్ల్యూపీ నిర్ణయం తీసుకున్న రోజు మీరు ఎలా ఉన్నారో. ఆ తర్వాత ఆపరేషన్ అయినా, పరిస్థితి దిగజారినా దాన్ని ఈ అప్పీలులో లెక్కించలేరు. కొత్త ఆధారం పెట్టవచ్చు, అయితే అది ఆనాటి పరిస్థితి గురించి చెప్పాలి. ఆ తేదీ తర్వాత బాగా దిగజారి ఉంటే కొత్త దరఖాస్తు గురించి సలహాదారుతో మాట్లాడండి. రెండూ ఒకదానితో ఒకటి ముడిపడతాయి.

ఎదురుగా విచారణకు వెళితే ప్రయాణ ఖర్చులు అడగవచ్చు. ఫలితం చాలాసార్లు అదే రోజు చెబుతారు, లేదంటే పోస్టులో వస్తుంది. గెలిస్తే సాధారణంగా దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి బకాయి మొత్తం వస్తుంది. నడకలో 8 అంతకు మించి పాయింట్లు వస్తే వైకల్యం ఉన్నవారికి ఇచ్చే పార్కింగు అనుమతి, బ్లూ బ్యాడ్జికి కూడా ఆ ఉత్తరం చూపించండి. ఓడితే, నిర్ణయం నోటీసు వచ్చిన నెల లోపు "స్టేట్‌మెంట్ ఆఫ్ రీజన్స్" రాతపూర్వకంగా కోరండి. జడ్జి రాసిన ఆ కారణాల్లో చట్టపరమైన పొరపాటు ఉంటే, ఉదాహరణకు పైన చెప్పిన నాలుగు కొలతలను అసలు పట్టించుకోకపోతే, అప్పర్ ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి అనుమతి అడగవచ్చు. అక్కడ మాత్రం సొంతంగా కాకుండా, ఆ కాగితం పట్టుకుని లా సెంటర్‌కు వెళ్లండి.